తలుపు దగ్గర కూర్చునేవాడికే మొదటి ర్యాంకు

సర్వాధికారి అయిన దేవునికి స్తోత్రం. సింహాసనం మీద ఉండి కూడా గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళను మరచిపోని ప్రభువుకే మహిమ. మనుషుల పుస్తకాల్లో చోటు దొరకనివాళ్ళ పేర్లు కూడా తన దగ్గర భద్రంగా రాసి ఉంచుకునే ఆయన కృపను బట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొన్న శనివారం అమలాపురంలో పని చూసుకుని రాజోలు బస్సు ఎక్కాను. నా ముందు సీట్లో ఇంజినీరింగు చదివే కుర్రాళ్ళు ఇద్దరు. ఏవో ఇంగ్లీషు నవలల వరస చదువుతున్నట్టున్నారు. అందులో దుష్ట చక్రవర్తి ఒకడు, వాడి కింద కొందరు దళపతులు. ఆ దళపతుల్లో ఎవడు బలవంతుడన్నది వాళ్ళ తగాదా.

“ఆడు చూత్తే చాల్రా, గోదారి గడ్డకట్టేసుద్ది. ఆడి ముందు మీవోడెంత?”

“మావోడికి చావే లేదు. నరికితే ఇద్దరవుతాడు.”

“ఇద్దరైతే ఇద్దరూ గడ్డకడతారు. ఏం లాజిక్కురా బాబూ నీది!”

పక్కన నిలబడ్డ కండక్టరు నవ్వాడు. ఈ తగాదాని రెండు నిమిషాల్లో తీర్చగలిగిన మనిషి ఒకావిడ మా సంఘంలో ఉండేవారు. కిందటేడు ఈస్టరుకు ముందు శ్రమకాలపు దినాల్లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆవిడ పేరు రాయను. “నా పేరెత్తి ఎక్కడన్నా సాక్ష్యం చెప్పేవంటే సమాధిలోంచి లేచొచ్చేత్తాను, చూడు” అని ముందే బెదిరించారు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ దొడ్డమ్మగారు. అదే చాలు.

ఇంటిపనికి గల్ఫు వెళ్ళిన ఆవిడ తిరిగి వచ్చేసిన రోజును మా వీధి వీధంతా గుర్తుపెట్టుకుంది. గల్ఫు నుంచి మనిషి వచ్చిందంటే దుప్పట్లు, సెంటు సీసాలు, మెడలో కొత్త గొలుసు ఉండాలి. దొడ్డమ్మగారు ఖాళీ మెడతో ఆటో దిగారు. వెనకాల ఒకే ఒక్క అట్టపెట్టె. అది ఎంత బరువంటే నలుగురు మగాళ్ళు పట్టి దింపారు. “బంగారం కడ్డీలేమోనే” అని వెనకింటి ఆవిడ మా అమ్మ చెవిలో అంది. తెరిస్తే అన్నీ లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. అట్టల మీద కోటలు, మంటలు, కొమ్ముల కిరీటాలు. ఆవిడ పనిచేసిన ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఒకతె ఉండేదట. తను చదివేసినవన్నీ ఈవిడకి ఇచ్చేసేదట. మిషను బడిలో ఏడో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషు, ఆ పుస్తకాల మీద వేలు పెట్టి చదివీ చదివీ దొడ్డమ్మగారికి పట్టుబడింది.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. పరాయి దేశం నుంచి క్షేమంగా వచ్చినవాళ్ళు మొదటి ఆదివారం ముందుకు వచ్చి, దేవుడు తమకు చేసిన మేలులు సాక్ష్యంగా చెప్పాలి. మా పాస్టరు అయ్యగారు పిలిచారు. తలుపు పక్కన చాప మీద కూర్చున్న దొడ్డమ్మగారు లేవలేదు. “ఈ వారం కాదండి” అన్నారు. ఆ తరువాత ఏ వారమూ లేవలేదు. అందరూ కుర్చీల్లో కూర్చున్నా ఆవిడ చోటు ఆ చాపే.

ఇంకో వింత కూడా ఉంది. ఆవిడ ఇంటికి తాళం లేదు. తాళమే కాదు, తలుపుకి గొళ్ళెం కూడా ఊడబీకించేశారు. ఊరెళ్ళాల్సివస్తే రెండు తలుపుల రింగుల్లోంచి కొబ్బరి తాడు దూర్చి ముడివేసి వెళ్ళేవారు. ఒకసారి స్త్రీల సమాజంవాళ్ళు ప్రభురాత్రి భోజనపు గిన్నెలుండే బీరువా తాళంచెవి ఆవిడకి ఇవ్వబోయారు. వేడి పెనం చేతికిచ్చినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. “గిన్నెలు తోమమంటే తోముతాను. అది మాత్రం నాకొద్దండి.”

ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ అరుగు మీద పెద్ద బడి నడిచేది. భోజనాలయ్యాక కాలేజీ పిల్లలు, సండేస్కూలు చెప్పే నేను, ఇంకా ఎవరెవరో చేరేవాళ్ళం. ఆవిడ వేలు పెట్టి ఇంగ్లీషులో ఒక పేరా చదువుకుని, దాన్ని మా గోదావరి మాటల్లోకి దించి చెప్పేవారు. వీరుడు గుర్రమెక్కి వచ్చే చోట రెండేసి పేజీలు తిప్పేసేవారు. చక్రవర్తి సింహాసనం మీద కూర్చుని ఉరిమే చోట ఆవులించేవారు. వాడి కింద పనిచేసేవాళ్ళు వచ్చారంటే మాత్రం కళ్ళజోడు సర్దుకునేవారు.

మాకు బాగా నచ్చింది బూడిద చక్రవర్తి కథ. వాడి కొలువులో ఊపిరి ఊది ఊళ్ళకు ఊళ్ళను నిద్రపుచ్చే ముసలమ్మ ఉంది. నీడల్ని కత్తిరించి సైనికుల్ని కుట్టే దర్జీ ఉన్నాడు. కోపమొస్తే తేనెటీగల గుంపుగా మారిపోయే సేనాని ఉన్నాడు. ఇక చెరపట్టినవాళ్ళను ఉంచే కోటకి తలుపు తీసి వేసేవాడు ఒకడు. ఇంత లావు పుస్తకంలో వాడు మాట్లాడేది నాలుగు ముక్కలు. దొడ్డమ్మగారు మొదటి ర్యాంకు వాడికి ఇచ్చారు.

ప్రకాష్ అని మా సంఘ పెద్ద మనవడు, తేనెటీగల సేనాని పక్షం. ఎగిరిపడ్డాడు.

“అన్యాయమండి దొడ్డమ్మగారూ! తలుపోడికి ఒక్క మంత్రం కూడా రాదు కదండీ!”

“రాదు. ఒప్పుకున్నాను. ఇప్పుడు మీ సేనానికి జొరమొచ్చింది. ఓ రోజు పన్లోకి రాలేదు. ఏంటవుద్ది?”

“సేనానికి జొరమేంటండీ!”

“ఒళ్ళంటూ ఉన్నాక రాదేంటి? చెప్పు, ఏంటవుద్ది?”

“దర్జీని పంపుతాడండి.”

“దర్జీకీ జొరమే.”

“ముసలమ్మని పంపుతాడండి.”

“చూసేవా, ఒకళ్ళు కాపోతే ఒకళ్ళు. ఇప్పుడు తలుపోడికి జొరమొచ్చింది. లోపల చెరలో ఉన్నోళ్ళు లోపలే ఉంటారా?”

ప్రకాష్ ఆలోచించాడు. “తలుపేసేవాడు లేపోతే... వెళ్ళిపోతారండి.”

“ఆయ్. మరి ఎవడు బలవంతుడు?”

ఇదీ ఆవిడ కొలత. పనిమనిషి కొలత. ఒక మనిషి బలం ఎంతో తెలియాలంటే వాడు ఏం చేయగలడని చూడకూడదు, వాడు రాని రోజున ఏం ఆగిపోతుందో చూడాలి. ఏ పుస్తకం ఎత్తినా, ఎంతమంది రాక్షసులు వచ్చినా, ఆవిడ అందరికీ ముందు జ్వరం తెప్పించేవారు. మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం.

మంత్రగాళ్ళ పుస్తకాలు విశ్వాసుల ఇంట్లో ఏమిటని సంఘంలో గుసగుసలు లేచాయి. ఒకరోజు అయ్యగారే వచ్చి నెమ్మదిగా అడిగారు.

“మరేనండి అయ్యగారూ,” అన్నారు దొడ్డమ్మగారు, ఆయనకు మజ్జిగ ఇస్తూ. “మంత్రగాడు ఎలాగూ చివర్న చచ్చిపోతాడండి. ఆడి పనోళ్ళ సంగతే ఎవరూ రాయరు. తెల్లారేక ఆళ్ళు ఏమైపోయేరో అని చూత్తన్నానండి.”

అయ్యగారు మజ్జిగ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఈస్టరుకు నేను సండేస్కూలు పిల్లలకు ప్రభువు సమాధి దగ్గర కాపలా ఉన్న సైనికుల గురించి చెబుతుంటే, వెనక నుంచి దొడ్డమ్మగారు చెయ్యెత్తారు. “ఆ కాపలావాళ్ళు మర్నాడు మళ్ళీ పన్లోకి ఎల్లేరా అమ్మా?” అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. కానీ ప్రతి ఈస్టరుకీ ఆ ప్రశ్న నాతో పాటే లేస్తుంది.

ఇక నా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే దొడ్డమ్మగారి బొమ్మ పూర్తికాదు.

మలికిపురం బస్టాండు దగ్గర నాకు జిరాక్సు షాపు ఉంది. ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను, ఇంగ్లీషు ఉత్తరాలు టైపు చేస్తాను. మా వైపు నుంచి గల్ఫు వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి పని కూడా ఎక్కువే. వెళ్ళేవాళ్ళు తమ పాస్‌పోర్టు, కాయితాలు ఆదివారం నాడు చర్చిలో ప్రార్థన బల్ల మీద పెడతారు. అయ్యగారు వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. మేమందరం ఆమెన్ అంటాం. ఏనాడూ ఎవరూ ఆ కాయితాల్లో ఏముందో చదవలేదు. దేవుని ముందు పెట్టేశాక ఇంక చదివేదేముంది అనుకునేవాళ్ళం.

ఆ ఆదివారం సునీత అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల కాయితాలు బల్ల మీదకు వచ్చాయి. ప్రార్థన అయింది. ఆమెన్ అన్నాం. అప్పుడు దొడ్డమ్మగారు చాప మీద నుంచి లేచారు. ఎన్నడూ ముందుకు రాని మనిషి బల్ల దాకా వచ్చి, పైనున్న ఉత్తరం తీసి, వేలు పెట్టి చివరిదాకా చదివారు. మడిచి, మళ్ళీ అక్కడే పెట్టి, వెళ్ళి కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే నా షాపు ముందున్నారు.

“వందనాలండీ దొడ్డమ్మగారూ. రండి, కూర్చోండి.”

“కూర్చోడానికేముంది గానీ, సునీత వాళ్ళ పిన్ని మస్కట్‌లో ఎప్పట్నుంచి ఉంటంది?”

“ఏ పిన్నండీ?”

“నువ్వు టైపు చేసిన పిన్ని.”

సునీత వెళ్తున్నది ఇంటిపనికి. ఉత్తరంలో ఉన్నది మాత్రం, అక్కడున్న పిన్ని నెల రోజులు తన ఇంట్లో ఉండి వెళ్ళమని పిలుస్తున్నట్టు. ఏజెంటు చెప్పాడు, నేను రాశాను. చుట్టపుచూపు వీసా తొందరగా వస్తుందని అతని మాట. గురువారం అతను ఆ కాయితాలు పట్టుకెళ్ళి వీసాకు పెట్టాలి.

“అందరికీ అలాగే పెడతారండి. మామూలేనండి అది. అక్కడికి వెళ్ళేక పని చూసుకుంటారు.”

“చూడ్డానికెల్లిన పిల్లని గదిలో పెట్టి తలుపేసేరనుకో, ఎవరికి చెప్పుకుంటాది? పన్లో ఉన్నట్టు కాయితమేది దానికి?”

“నేను టైపు చేసేదాన్నేనండి. తీసుకెళ్ళేది ఏజెంటుగారు. పంపేది వాళ్ళమ్మ.”

దొడ్డమ్మగారు అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నారు. “సరే, ర్యాంకులేద్దాం. ఏజెంటుకి జొరమొచ్చింది. ఏంటవుద్ది?”

“ఇంకో ఏజెంటు వస్తాడండి.”

“అక్కడ మేడమ్‌కి జొరమొచ్చింది.”

“ఇంకో ఇంటికి పంపుతారండి.”

“నీకొచ్చింది.”

అలాంటి ఉత్తరం తప్పు లేకుండా రాయగలిగిన షాపు ఆ చుట్టుపక్కల నాదొక్కటే. ఏజెంట్లందరూ నా దగ్గరికే వచ్చేవారు. నేను రాస్తే కాయితం తిరిగి రాదని పేరు. ఆ పేరు చూసుకుని నాకు గర్వం కూడా ఉండేది.

“ఫస్టు ర్యాంకు నీదే, అమ్మాయ్.”

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “నన్ను తీసుకెళ్ళి ఆ రాక్షసుల్లో కలుపుతారేంటండీ? నేను సండేస్కూలు చెప్పేదాన్ని!”

“నేనూ స్తోత్రాలు చెప్పేదాన్నే” అన్నారు ఆవిడ. అప్పుడు, ఆ జిరాక్సు మిషను పక్కన, ఇన్నేళ్ళు సంఘానికి చెప్పని సాక్ష్యం నాకు చెప్పారు.

ఆవిడ ఆ ఇంట్లో చేరిన నాలుగేళ్ళకు నేపాలు నుంచి బిమల అనే పిల్ల పనికి వచ్చింది. చేరిన నెలకే ఇంటికి పోతానని గొడవపెట్టింది. మేడమ్ ఆ పిల్ల ఫోను తీసుకుని, పని లేనప్పుడు వెనక గదిలో పెట్టమని, గది తాళంచెవి దొడ్డమ్మగారి చేతికిచ్చింది.

“తాళంచెవి చేతికిచ్చినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? సంతోషమేసింది. ఇంతమంది పనోళ్ళలో నన్ను నమ్మేరు కదా అని. ఆ పూట మోకాళ్ళేసి దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకున్నాను. తాళంచెవికి స్తోత్రం. ఎనిమిది నెలలు తాళమేసేను. మేడమ్ ఒక్కసారి కూడా ఆ తలుపు ముట్టుకోలేదు. మొదట్లో ఆ పిల్ల తలుపు కొట్టేది. ‘దీదీ, దీదీ’ అనేది. తరవాత కొట్టడం మానేసింది. అప్పుడేసింది భయం.”

“తీసేరా అండీ?”

“ఓ శుక్రవారం పొద్దున్న తలుపు తీసి, తాళంచెవి గుమ్మంలో పెట్టి, వంటింట్లోకెళ్ళి అంట్లు తోముకున్నాను. వెనక్కి చూళ్ళేదు. ఆ పిల్ల ఎటెళ్ళిందో, ఇల్లు చేరిందో లేదో, ఇప్పటికీ తెలీదు. నన్ను మర్నాడే పంపించేసేరు. మరి నేను ఏ మేలు చెప్పి సాక్ష్యం ఇవ్వను అమ్మాయ్? తలుపు తీసేనని చెప్పాలంటే, ఎనిమిది నెలలు వేసేనని కూడా చెప్పాలి కదా.”

నేను కళ్ళు తుడుచుకుని అడిగాను. “ఇప్పుడు నన్నేం చెయ్యమంటారండీ?”

“నేనేం చెప్తాను? ఒకళ్ళు చెప్తే చేసేవాళ్ళమే కదా మనిద్దరం. ఈ ఒక్కటీ ఎవరూ చెప్పకుండా చెయ్యి.” అని లేచి, స్టూలు ఎక్కడిది అక్కడ పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం షాపు మూసి సునీత ఇంటికి వెళ్ళాను. ఉత్తరంలో ఉన్నది అబద్ధమని, రాసింది నేనేనని, అది తిరిగి ఇచ్చేయమని వాళ్ళమ్మను అడిగాను. ఆవిడ కాయితాన్ని గుండెకు హత్తుకుంది.

“ప్రార్థన చేయించిన కాయితమమ్మా ఇది! సంఘమంతా ఆమెన్ అన్నాక చింపుతానంటావా? మా పిల్ల బాగుపడితే నీకేం కళ్ళమంట?”

సునీత గుమ్మంలో నిలబడి నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. ఆ కాయితం మీద మేమే దేవుని పేరు పెట్టాం. ఇప్పుడు దాన్ని ఏ చేత్తో చింపాలి?

అక్కడి నుంచి తిన్నగా అయ్యగారి ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. బుధవారం ప్రార్థన కూడిక దాకా ఆగలేదు. సునీత వాళ్ళమ్మ ముందు నిలబడి, “నేను చదవకుండా చెయ్యి పెట్టేనమ్మా. అబద్ధాన్ని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టేను. తప్పు నాది. నన్ను క్షమించు” అన్నారు. ఆవిడ ఏడుస్తూ ఉత్తరం ఆయన చేతిలో పెట్టింది. ఆయనే చింపారు.

ఏజెంటు గోల గోల చేశాడు. చర్చికి తను ఇచ్చిన కుర్చీలన్నీ ఆటోలో వేసుకుని పట్టుకుపోయాడు. ఆ నెలంతా సంఘమంతా చాపల మీద కూర్చుంది. “ఇన్నాళ్ళకి నా వరసలోకొచ్చేరు అందరూ” అన్నారు దొడ్డమ్మగారు. సునీత ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. తరువాత అసలు పేరుతో, అసలు పనితో, ఏ ఇంట్లో ఏం పనో రాసి ఉన్న కాయితంతో వెళ్ళింది. ఆ కాయితం నింపింది నేనే. ఇప్పుడు ఆదివారాలు ఫోను చేస్తుంది. మొదట వంట సంగతులు చెబుతుంది, తరువాత, “తలుపు తీసే ఉందక్కా” అని నవ్వుతుంది.

ఆనాటి నుంచి మా సంఘంలో ఆచారం మారింది. బల్ల మీద పెట్టిన ప్రతి కాయితాన్నీ ముందు పైకి చదవాలి, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి, ఆ తరువాతే ప్రార్థన. చదివేది దొడ్డమ్మగారే, వేలు పెట్టి. ఒక్కోసారి ఆరాధన అరగంట ఆలస్యమయ్యేది. ఎవరూ విసుక్కోలేదు.

ఆవిడను సమాధి చేసి వచ్చిన రోజు బంధువులు ఆ ఇంటికి వేయడానికి బజారు నుంచి కొత్త తాళం తెచ్చారు. వేద్దామంటే గొళ్ళెం లేదు. తాళం చేత్తో పట్టుకుని కాసేపు తలుపు ముందు నిలబడిపోయారు. చివరికి ప్రకాష్ లోపలికి వెళ్ళి ఆ కొబ్బరి తాడే తెచ్చి ముడివేశాడు.

బస్సు మామిడికుదురు దాటింది. ముందు సీటు తగాదా ఇంకా తెగలేదు. నేను ఉండబట్టలేక ముందుకు వంగాను.

“బాబూ, మీ చక్రవర్తి కోటకి తలుపు తీసేవాడు ఎవడన్నా ఉన్నాడా?”

ఇద్దరూ వెనక్కి తిరిగారు. “ఉంటాడండి. ఆడికి పేరు కూడా లేదండి. ఎందుకండీ?”

“ఆడికి ఓ రోజు జొరమొస్తే ఏమవుతుందో ఆలోచించండి.”

వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. రాజోలులో దిగేటప్పుడు ఒకడు, “ఆంటీ, ఆడే ఫస్టండి” అన్నాడు. నేను చెప్పిందేమీ లేదు. దొడ్డమ్మగారు చెప్పిందే.

ఆవిడ రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకు గుమ్మంలో మోకరించి ఒక పేరు పలికేవారు. తలుపు బార్లా తెరిచి ఉండేది. ఆ పని ఇప్పుడు నాకు వచ్చింది. చదువుతున్న మీరు కూడా నాతో కలవండి. ఇవాళ సాయంత్రం, ఉన్నచోటనే, ఒక్క నిమిషం. ఆ పిల్ల పేరు బిమల. ఇల్లు చేరిందో లేదో దేవునికి తెలుసు. ఆమె కోసం ప్రార్థించండి. ఈ పూట ఎక్కడో ఒక ఇంట్లో ఒకరి చేతికి మొదటిసారి తాళంచెవి అంది ఉంటుంది, వాళ్ళు సంతోషపడుతూ ఉంటారు. వాళ్ళ కోసం ఇంకొంచెం ఎక్కువగా ప్రార్థించండి. ఆమెన్.